సముద్రపు నాచు సరే, నీళ్ళ మీద హక్కు ఎవరిది?
ఉద్దానం తీరానికి ముందు విధానం కావాలి, తర్వాతే తెప్పలు

టెక్కలి మండలం రావివలస సముద్రం ఒడ్డున లేదు. ఎండల మల్లన్న గుడి వల్ల జిల్లా అంతా తెలిసిన ఊరు అది. తీరం గురించి రాస్తూ ఆ ఊరి పేరుతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. తీర నియంత్రణ మండలి నోటిఫికేషన్‌కి తీరం అంటే పోటు గీత నుంచి 500 మీటర్లు. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టానికి 2 కిలోమీటర్లు. కూలికి మాత్రం ఈ కొలతలు లేవు. భూమి లేని దళిత కుటుంబం పని ఎక్కడ దొరికితే అక్కడికి పోతుంది. నౌపడ ఉప్పు మడులైనా, రొయ్యల చెరువులైనా, భావనపాడు వైపు కట్టుబడి పనులైనా ఒకటే. తీరం మీద బతుకుతూ తీరం లెక్కలో లేని మనుషులు వీళ్ళు. ఇప్పుడు ఆ తీరానికి సముద్రపు నాచు సాగు అనే కొత్త పథకం వస్తోంది. అది ఈ మనుషులను లెక్కలోకి తెస్తుందా, ఉన్న కొద్దిపాటి చోటు నుంచి కూడా తోసేస్తుందా అన్నదే మా ప్రశ్న.

కేంద్రం 2020లో మొదలుపెట్టిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సముద్రపు నాచుకు 640 కోట్లు కేటాయించారు. 2025 నాటికి ఏడాదికి 11.2 లక్షల టన్నుల ఉత్పత్తి లక్ష్యంగా పెట్టారు. తమిళనాడులోని రామనాథపురం జిల్లాలో 127 కోట్లకు పైగా ఖర్చుతో ప్రత్యేకంగా నాచు పార్కు మంజూరు చేశారు. భూమి అక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు, మంచినీళ్ళు అక్కర్లేదు, మహిళలకు ఉపాధి అని ప్రచారం చేస్తున్నారు. ఇందులో అబద్ధం లేదు. కానీ భూమి అక్కర్లేని పంటకు నీళ్ళు కావాలి. ఆ నీళ్ళు ఎవరివి అన్న మాట ఆ ప్రచారంలో ఎక్కడా వినిపించదు.

ఏరడం వేరు, సాగు వేరు

సముద్రపు నాచు రెండు దారుల్లో వస్తుంది. రాళ్ళ మీద, పగడపు దిబ్బల మీద తనంతట తాను పెరిగినదాన్ని ఏరుకోవడం ఒకటి. తెప్పలకో తాళ్ళకో ముక్కలు కట్టి పెంచడం రెండోది. ఐస్‌క్రీం, టూత్‌పేస్టు, మందుల తయారీలో వాడే అగర్, ఆల్జినేట్, క్యారజీనన్ అనే జిగురు పదార్థాలు ఈ నాచు నుంచే వస్తాయి. పంటలకు చల్లే ద్రవ ఎరువులూ దీని నుంచే తయారవుతున్నాయి.

మన వైపు సహజంగా పెరిగే నాచు ఎక్కువగా విశాఖపట్నం, భీమునిపట్నం రాళ్ళ మీద కనిపిస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 1960లలోనే ఆ రాళ్ళ మీది ఉల్వా, గ్రాసిలేరియా, సర్గాసమ్ జాతుల మీద పరిశోధనలు ప్రచురించారు. శ్రీకాకుళం తీరంలో ఎక్కువ భాగం ఇసుక. అలలు నేరుగా వచ్చి ఒడ్డును కొడతాయి. వానాకాలంలో నాగావళి, వంశధార, మహేంద్రతనయ, బాహుదా నదుల మంచినీళ్ళు కలిసి నదీ ముఖాల దగ్గర ఉప్పుదనం పడిపోతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను తీరం దాటింది వజ్రపుకొత్తూరు మండలంలోనే. కొబ్బరి, జీడి తోటలే నిలబడని గాలికి వెదురు తెప్ప నిలబడుతుందని ఎవరూ అనలేరు.

తమిళనాడులో నాచు సాగు ఊపందుకున్న పాక్ జలసంధి ఇలాంటిది కాదు. అక్కడ లోతు తక్కువ, ఏడాదిలో చాలా నెలలు నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి. అక్కడి నమూనాను ఉన్నదున్నట్టు ఇక్కడికి తెస్తే మొదటి తుఫానుకే అప్పులు మిగులుతాయి. మరి ఉద్దానం తీరంలో నాచు పెంచగల చోటు ఎక్కడ? అలల తాకిడి తగ్గే వాగుల్లో, మొగల్లో, ఉప్పునీటి చిత్తడుల్లో, రేవు గోడల చాటున. కొద్దిపాటి ఉప్పు తేడాను తట్టుకునే గ్రాసిలేరియా లాంటి జాతులు అలాంటి నీళ్ళలో బతుకుతాయి. పొరుగున ఒడిశాలోని చిలికా సరస్సులో అది సహజంగానే ఉంది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఆ నెమ్మదైన నీళ్ళు ఖాళీగా లేవు. పడవ లేని ఆడవాళ్ళు గుల్లలు, పీతలు, చిన్న రొయ్యలు ఏరుకునేది అక్కడే. చిన్న వలలు వేసేదీ అక్కడే. తేలినీలాపురానికి వచ్చే గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు మేతకు దిగేది నౌపడ చిత్తడిలోనే. నాచు సాగుకు అనువైన చోటు, పేదల ఉమ్మడి చోటు ఒకటే అయినప్పుడు ముందుగా తేల్చాల్సింది హక్కు. సబ్సిడీ మాట ఆ తర్వాత.

రామనాథపురం చెప్పే పాఠం

మన్నారు సింధుశాఖలో ఆడవాళ్ళు తరాలుగా దీవుల చుట్టూ మునిగి నాచు ఏరుకుంటున్నారు. వేళ్ళకు గుడ్డ పీలికలు చుట్టుకుని రాళ్ళ మీద నుంచి నాచు తెంపే పని. ఆ తీరంలోని కడైయర్ కులం తమిళనాడు షెడ్యూల్డు కులాల జాబితాలో ఉంది. 1986లో ప్రభుత్వం 21 దీవులతో మెరైన్ నేషనల్ పార్కు ప్రకటించింది. దాంతో తరాలుగా చేస్తున్న పని ఒక్క నోటిఫికేషన్‌తో చొరబాటు అయిపోయింది. అటవీ సిబ్బంది ఆపడం, నాచు లాక్కోవడం, కేసులు మామూలయ్యాయి.

ఆడవాళ్ళు సంఘాలు కట్టుకున్నారు. తమకు తామే కట్టుబాట్లు పెట్టుకున్నారు. నెలకు 12 రోజులే ఏరాలి. ఇనుప పరికరాలు వాడకూడదు. నాచు మళ్ళీ పెరిగే కాలంలో కొన్ని వారాలు పూర్తిగా ఆపాలి. రాయికి పట్టుకున్న వేరు లాంటి భాగాన్ని వదిలి పైభాగాన్ని తెంపితే అది తిరిగి పెరుగుతుంది, ఊడబెరికితే ఆ చోటు బోడి అవుతుంది. ఈ సంగతి వాళ్ళకు ఏ శాఖా నేర్పలేదు. ఆ ఆడవాళ్ళ నాయకురాలు లక్ష్మీ మూర్తికి 2015లో సీకాలజీ అంతర్జాతీయ పురస్కారం వచ్చింది. సుస్థిరమైన కోత అని ఇప్పుడు పత్రాల్లో రాసుకుంటున్నది వాళ్ళు ఎప్పుడో ఆచరించి చూపించారు. అయినా వాళ్ళకు దక్కాల్సింది చట్టబద్ధమైన హక్కు, మెచ్చుకోలు దాని స్థానంలో నిలవదు.

అదే తీరంలో రెండో కథ కూడా నడిచింది. కప్పాఫైకస్ అనే విదేశీ నాచును 1980లలో శాస్త్ర సంస్థ తెచ్చింది. 2000 తర్వాత పెప్సీకో ఒప్పంద సాగుగా దాన్ని విస్తరించింది. 45 రోజులకు ఒక కోత. మహిళా సంఘాలకు బ్యాంకు అప్పు, కంపెనీ కొనుగోలు హామీ. కొన్నేళ్ళు డబ్బు వచ్చిన మాట నిజం. 2008లో ఆ నాచు కురుసడై దీవి పగడాల మీదికి పాకి వాటిని కప్పేస్తోందని పరిశోధకులు బయటపెట్టారు. అదే ఏడు పెప్సీకో ఆ వ్యాపారాన్ని మరో కంపెనీకి అప్పగించి తప్పుకుంది. 2013 తర్వాత నాచు పెద్ద ఎత్తున చచ్చిపోయి దిగుబడి కూలిపోయింది. కంపెనీ తప్పుకోగలదు. తెప్ప మీద అప్పు ఉన్న ఆడమనిషి ఎక్కడికి తప్పుకుంటుంది?

ఆఫ్రికా తీరాన జాంజిబార్‌లో కూడా నాచు పండించేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. అక్కడా సముద్రం వేడెక్కి మంచి ధర పలికే జాతి లోతు తక్కువ నీళ్ళలో బతకడం మానేసింది. ధర మాత్రం కొద్దిమంది ఎగుమతిదారుల చేతుల్లోనే ఉంది. పది కిలోల పచ్చి నాచు ఎండితే దాదాపు కిలో మిగులుతుంది. ఆ కిలోలో తేమ ఎంత, చెత్త ఎంత అని తేల్చేది కొనేవాడే. ఉప్పు మడుల్లో, జీడిపప్పు బట్టీల్లో పనిచేసిన మనవాళ్ళకు ఈ తూకం సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

చట్టాల్లో మన పేరు ఎక్కడ?

రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం ప్రాదేశిక జలాల్లో మత్స్య రంగం రాష్ట్రాల చేతిలో ఉంటుంది. అంటే ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్ళ దాకా నీళ్ళు ఎవరు ఎలా వాడుకోవాలన్నది ప్రధానంగా రాష్ట్రమే చెప్పాలి. ఆంధ్రప్రదేశ్ మెరైన్ ఫిషింగ్ నియంత్రణ చట్టం 1994లో వచ్చింది. ఆ చట్టం దృష్టి అంతా పడవ మీదే. ఏ పడవ ఎంత దూరంలో వేటాడాలి, లైసెన్సు ఎవరివ్వాలి అన్నదే దాని గొడవ. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఏరుకునే ఆడమనిషి దానికి కనపడదు.

తీర నియంత్రణ మండలి నోటిఫికేషన్లు 1991లో, 2011లో, 2019లో వచ్చాయి. తర్వాతి రెండూ తమ లక్ష్యాల్లో మత్స్యకారులతో పాటు తీరంలోని ఇతర స్థానిక సముదాయాల జీవనోపాధి భద్రతను కూడా చెప్పుకున్నాయి. ఈ ఇతర స్థానిక సముదాయాలు ఎవరు? పేరు లేదు, నిర్వచనం లేదు, గుర్తింపు కార్డు లేదు. ఉద్దానం తీరంలో మాల, రెల్లి, పైడి, దండాసి కుటుంబాలు ఆ ఇతర అన్న ఒక్క మాటలో కలిసిపోయి మాయమవుతున్నాయి.

2023లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టాన్ని సవరించింది. అప్పటిదాకా ప్రధానంగా రొయ్యల చెరువుల కోసమే ఉన్న చట్టంలోకి సముద్రపు నాచు సాగును, పంజరాల్లో చేపల పెంపకాన్ని తెచ్చింది. తీర నియంత్రణ మండలిలో ఇవి అనుమతించిన పనులే అని స్పష్టం చేసింది. నమోదు లేకుండా సాగు చేస్తే ఉన్న జైలు శిక్షను తీసేసి జరిమానాగా మార్చింది. ఈ చట్టం అసలు ఎందుకు పుట్టిందో గుర్తు చేసుకోవాలి. తమిళనాడులో భూమిలేని దళితుల కోసం పనిచేసిన గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరంలోని రొయ్యల చెరువులను తొలగించమని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు తర్వాత రొయ్యల సాగుకు దారి వేస్తూ 2005లో ఈ చట్టం వచ్చింది. పేదల కేసుతో మొదలైన చరిత్ర పెట్టుబడికి సులువైన నమోదు దగ్గరికి చేరింది. సాగు చేసేవాడికి నమోదు దొరికింది. ఆ చోట అంతకుముందు ఏరుకుంటున్నవాళ్ళకు ఏం దొరికింది?

అడవి విషయంలో కనీసం 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. అందులో చేపల మీద, నీటి వనరుల ఉత్పత్తుల మీద సామూహిక హక్కు రాసి ఉంది, గ్రామసభకు అధికారం ఉంది. అమలు ఎంత అధ్వానంగా ఉన్నా పట్టుకుని కొట్లాడటానికి ఒక కాగితం ఉంది. తీరానికి అలాంటి చట్టమే లేదు. చిలీ దేశం 1991 మత్స్య చట్టంలో నాచు ఏరేవాళ్ళను చిన్నతరహా మత్స్యకారుల్లో ఒక వర్గంగా గుర్తించింది. తీరంలో కొంత భాగాన్ని స్థానిక సంఘాల నిర్వహణకు అప్పగించే ఏర్పాటు చేసింది. అక్కడ సమస్యలు లేవని కాదు. కానీ పడవ లేని మనిషి కూడా సముద్రం మీద బతికే మనిషేనని చట్టంలో రాయడం అసాధ్యం కాదని తేలింది.

స్పష్టత లేకపోతే ఏం జరుగుతుందో మనకు తెలుసు

విధానం స్పష్టంగా లేకపోతే ఆ ఖాళీని కులం నింపుతుంది. ఇది ఊహ కాదు, ఈ నేల అనుభవం.

వంగర మండలం లక్ష్మీపేటలో మడ్డువలస రిజర్వాయరు కోసం ప్రభుత్వం భూములు తీసుకుంది. నీళ్ళలో మునగకుండా మిగిలిన భూమిలో దళితులు సాగు చేసుకున్నారు. ఆ భూమి మీద ఎవరికి ఏ హక్కో ప్రభుత్వం తేల్చకుండా వదిలేసింది. 2012 జూన్ 12న ఆధిపత్య కులం వాళ్ళు దాడి చేసి ఐదుగురు దళితులను చంపారు. నీళ్ళ అంచున ఉన్న సర్కారు భూమి, కాగితం లేని సాగు, మౌనంగా ఉన్న యంత్రాంగం. రేపు నీళ్ళ అంచు నుంచి నీళ్ళలోకి దిగినా పరిస్థితి మారదు.

కొల్లేరులో 1970లలో మత్స్యకారుల, దళితుల సహకార సంఘాలకు చెరువులు ఇచ్చారు. క్రమంగా సంఘం పేరు పేదలది, చెరువు డబ్బున్నవాళ్ళది అయింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు కొట్టేసినప్పుడు నష్టం మాత్రం మళ్ళీ పేదల తలమీదికే వచ్చింది. బినామీని ఆపే నిబంధన లేకుండా పేదల పేరున ఇచ్చే ఏ లీజైనా అక్కడికే చేరుతుంది.

సోంపేట బీల, కాకరాపల్లి తంపర కూడా ఇదే చెబుతున్నాయి. చేపలు, గడ్డి, పంట ఇచ్చే చిత్తడిని కాగితాల మీద పనికిరాని భూమి అన్నారు, థర్మల్ కేంద్రాలకు ఇచ్చారు. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ సోంపేట ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. ఆ బీల ఖాళీ భూమి కాదని అక్కడి జనం మొదటి నుంచీ చెప్పిందే నిజమైంది. కానీ ఆ నిజం కోసం ప్రాణాలు ఇవ్వాల్సి వచ్చింది.

ఇప్పుడు మూలపేట రేవు వస్తోంది. 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగిన ఆ ప్రాజెక్టు అంచనా 4,362 కోట్లు. ఇల్లు, భూమి పోయినవాళ్ళకు పునరావాసం అనే లెక్క ఉంటుంది. ఒడ్డున ఏరుకునే హక్కు పోయినవాళ్ళకు అసలు ఖాతాయే లేదు, ఎందుకంటే ఆ హక్కు ఎక్కడా రాసి లేదు. రేవు గోడ చాటున నెమ్మదించే నీళ్ళను రేపు నాచు సాగుకు కేటాయిస్తే అవి ఎవరికి వెళ్తాయో ఇప్పుడే అడగాలి.

అరవై శాతం సబ్సిడీ, సున్నా శాతం నీళ్ళు

మత్స్య సంపద యోజనలో మిగతావాళ్ళకు 40 శాతం సాయం ఉంటే ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 60 శాతం ఉంది. నాచు తెప్ప ఒక్కదానికి 1,500 రూపాయలు, తాళ్ళు లేదా గొట్టపు వలల యూనిట్‌కి 8,000 రూపాయలు ఖర్చుగా లెక్కగట్టారు. అంటే దళిత మహిళ తన వాటాగా తెప్పకు 600, తాళ్ళ యూనిట్‌కి 3,200 పెట్టుకోవాలి. డ్వాక్రా సంఘంలో ఉన్న మనిషికి ఇది పెద్ద మొత్తం కాదు.

కాబట్టి అడ్డం డబ్బు దగ్గర లేదు. ఆ తెప్పను ఎక్కడ దించాలి అన్న దగ్గర ఉంది. ఆ నీళ్ళు ఏ ఊరివి, అనుమతి ఎవరివ్వాలి, మత్స్యకార సహకార సంఘంలో సభ్యత్వం లేని మనిషికి చోటు ఉందా, పండిన నాచు ఎవరు కొంటారు, తుఫానుకు పోతే ఎవరు భరిస్తారు? ఈ ప్రశ్నలకు జవాబు లేకుండా 60 శాతం అనే అంకె పథకం పుస్తకంలో అందంగా ఉంటుంది. ఖర్చు కాని డబ్బు చివరికి దళితులు ముందుకు రాలేదు అనే నివేదికగా మారుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ వాదనను మత్స్యకారుల మీదికి తిప్పాలని చూసేవాళ్ళు ఉంటారు. మత్స్యకారులు కూడా వెనకబడిన కులాలవాళ్ళే. రొయ్యల చెరువులు, రేవులు, థర్మల్ కేంద్రాల దెబ్బ వాళ్ళూ తిన్నారు. సముద్రం మీద వాళ్ళ ఆనువంశిక హక్కు మొదటిది, దాన్ని తగ్గించమని మేము అడగడం లేదు. పడవ దారి, వల లాగే చోటు, చేపలు ఎండబెట్టుకునే ఇసుక ఎవరూ ముట్టుకోకూడదు. దానితో పాటే పడవ లేనివాళ్ళ వాడుక కూడా హక్కుగా రాయాలి. ఇద్దరి హక్కూ రాసి ఉంటే బయటి పెట్టుబడి ఒకరిని చూపించి ఇంకొకరిని తోసేయడం కష్టమవుతుంది.

మేము అడుగుతున్నవి

ఒకటి. ఏ నీళ్ళయినా ఎవరికైనా కేటాయించే ముందు ఊరూరా వాడుక పటం గీయాలి. ఎవరు ఏ కాలంలో ఎక్కడ ఏరుతున్నారు, ఎక్కడ వల వేస్తున్నారు, ఎక్కడ పక్షులు దిగుతున్నాయి అన్నది అందులో ఉండాలి. ఆ పటాన్ని గ్రామసభలో పెట్టడంతో ఆపకుండా మత్స్యకారుల పేటలోనూ, దళితవాడలోనూ విడివిడిగా చదివి వినిపించాలి.

రెండు. ఒడ్డున ఏరుకునేవాళ్ళను ఒక వృత్తి వర్గంగా రాష్ట్రం గుర్తించాలి. పడవతో, సహకార సంఘ సభ్యత్వంతో ముడిపెట్టకుండా మహిళ పేరునే కార్డు ఇవ్వాలి. వేట నిషేధ కాలపు భృతి, ప్రమాద బీమా ఆ కార్డుకు వర్తించాలి. రేవుల వల్ల జీవనోపాధి పోయినవాళ్ళ లెక్కలోకీ వాళ్ళు రావాలి.

మూడు. నీటి అనుమతి స్థానిక మహిళా సంఘాలకే ఇవ్వాలి. అమ్మకం, మారు లీజు చెల్లవని రాయాలి. ఒక్క సంస్థకు ఇచ్చే విస్తీర్ణానికి పరిమితి పెట్టాలి. సభ్యుల జాబితా, అనుమతి పటం పంచాయతీ గోడ మీద తెలుగులో ఉండాలి.

నాలుగు. స్థానిక జాతులతోనే మొదలుపెట్టాలి. విదేశీ జాతి తేవాలంటే స్వతంత్ర అధ్యయనం, దాని మీద బహిరంగ విచారణ తప్పనిసరి కావాలి. సహజంగా పెరిగే నాచు విషయంలో రామనాథపురం ఆడవాళ్ళ కట్టుబాట్లనే పునాదిగా తీసుకోవాలి. నౌపడ చిత్తడిలో పక్షుల మేత కాలంలో ఏ సాగూ ఉండకూడదు.

ఐదు. కనీస ధర, తేమ కొలిచే యంత్రం సంఘం చేతిలో, తుఫాను నష్టానికి బీమా ఉండాలి. ఉమ్మడి రాష్ట్రంలో పోరాడి తెచ్చుకున్న ఎస్సీ ఉప ప్రణాళిక చట్టాన్ని 2023లో మరో పదేళ్ళు పొడిగించారు. ఆ నిధుల్లోంచి ఎండబెట్టే గచ్చులు, నిల్వ గదులు కట్టవచ్చు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, నిర్ణయం చాలు.

విద్యార్థులకు ఒక మాట. నాచు మీద శాస్త్ర పత్రాలు చాలా ఉన్నాయి, ఏ జాతి ఎన్ని రోజుల్లో ఎంత పెరుగుతుందో అవి చెబుతాయి. ఉద్దానం తీరంలో నెమ్మదైన నీళ్ళ దగ్గర ఎవరు బతుకుతున్నారో చెప్పే పటం మాత్రం ఇంకా గీయాల్సే ఉంది. భావనపాడు నుంచి బారువ దాకా ఊరూరా దాన్ని గీయడానికి లైసెన్సు అక్కర్లేదు, సబ్సిడీ అక్కర్లేదు. రేపు నీళ్ళ వేలం నోటీసు వచ్చిన రోజున ఆ పటం మన చేతిలో ఉంటే, ఇక్కడ ఎవరూ లేరు అని అధికారులు రాయలేరు.